పాల పళ్లే కదా అని వదిలేస్తున్నారా? ఏడాదిన్నర టీకాలు వేయించారా?

పిల్లలకు ఏడాది నిండేదాకా చాలామంది తల్లిదండ్రులు టీకా తేదీ తప్పనివ్వరు. ఆ తర్వాతే అశ్రద్ధ మొదలవుతుంది. సరిగ్గా అప్పుడే పళ్లు ఒక్కొక్కటిగా వస్తుంటాయి. 'ఎలాగూ ఊడిపోయేవే కదా' అని వాటినీ పట్టించుకోరు. ఈ రెండు విషయాల్లోనూ ఏం చేయాలో చూద్దాం.

పాల పళ్లు ఎన్నాళ్లుంటాయి?
సాధారణంగా ఆరు నెలల వయసులో మొదటి పన్ను కనిపిస్తుంది. మూడేళ్లు వచ్చేసరికి మొత్తం 20 పాల పళ్లు వచ్చేస్తాయి. ముందు పళ్లు ఆరేడేళ్లకు ఊడినా, దవడ పళ్లు 10-12 ఏళ్ల వరకు ఉండాలి. శాశ్వత పళ్లకు చోటు కాపాడేవి ఇవే. పుచ్చిపోయి ముందే తీసేయాల్సి వస్తే పక్క పళ్లు జరిగి, కొత్తవి వంకరగా రావొచ్చు.

ఎలా తోమాలి?
- మొదటి పన్ను రాగానే మెత్తటి చిన్న బ్రష్‌తో రోజుకు రెండుసార్లు తోమాలి.
- ఫ్లోరైడ్ పేస్ట్ మూడేళ్లలోపు బియ్యపు గింజంత, ఆ తర్వాత ఆరేళ్ల వరకు బఠాణీ గింజంత చాలు.
- పాల సీసా నోట్లో పెట్టి నిద్రపుచ్చొద్దు. అలా చేస్తే పైవరుస ముందు పళ్లు త్వరగా పుచ్చుతాయి.
- చిగురు దగ్గర సుద్దలాంటి తెల్లటి గీతలు కనిపిస్తే వెంటనే డెంటిస్ట్‌కు చూపించాలి. ఆ దశలో పుచ్చును ఆపొచ్చు.

16-24 నెలల మధ్య ఏ టీకాలు?
జాతీయ టీకాల షెడ్యూల్ ప్రకారం మీజిల్స్-రుబెల్లా (ఎంఆర్) రెండో డోసు, డీపీటీ మొదటి బూస్టర్, పోలియో చుక్కల బూస్టర్ ఈ వయసులోనే వేయించాలి. మెదడువాపు ముప్పున్న జిల్లాల్లో జేఈ రెండో డోసు కూడా వేస్తారు. ఎంఆర్ మొదటి డోసుతో కొందరు పిల్లల్లో రక్షణ రాదు. అందుకే రెండోది తప్పనిసరి. విటమిన్-ఎ మాత్రం ఐదేళ్ల వరకు ఆరు నెలలకోసారి తాగించాలి.

పళ్లొస్తున్నాయని టీకా ఆపొచ్చా?
ఆపొద్దు. పళ్లు రావడం, కొద్దిపాటి జలుబు టీకా వాయిదాకు కారణాలు కావు. పళ్లొచ్చేటప్పుడు చొంగ కారడం, చిరాకు, చిగుళ్ల నొప్పి మామూలే. కానీ గట్టి జ్వరం, విరేచనాలు పళ్ల వల్లే అనుకోవడం అపోహ. జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్, అంతకు మించి ఉన్నా, విరేచనాలు ఆగకపోయినా డాక్టర్‌కు చూపించాల్సిందే. అసలు జబ్బు వేరే ఉండొచ్చు.

తేదీ దాటిపోతే?
కంగారు పడక్కర్లేదు. మళ్లీ మొదటి నుంచి వేయించాల్సిన పని లేదు, ఆగిన చోటి నుంచే కొనసాగిస్తారు. తప్పిపోయిన ఎంఆర్ డోసును ఐదేళ్లలోపు వేయించుకోవచ్చు. టీకా కార్డుతో దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లినా, ఏఎన్ఎంను అడిగినా ఏం మిగిలాయో చెబుతారు. ఈ టీకాలు ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. కార్డు పోయిందని మాత్రం వెళ్లడం మానేయొద్దు.