మానవ శ్వాస వ్యవస్థ

మానవ శ్వాస వ్యవస్థ అనగా బయటి గాలిలోని ఆక్సిజన్‌ను (ప్రాణవాయువు) రక్తానికి అందించి, రక్తంలోని కార్బన్ డయాక్సైడ్‌ను (బొగ్గుపులుసు వాయువు) వెలుపలికి పంపే అవయవాల సముదాయం. ఈ మార్పిడి ఊపిరితిత్తులలోని వాయుగోణులలో జరుగుతుంది. తక్కిన భాగాలు గాలిని అక్కడికి చేర్చడానికి, వాటిని కాపాడడానికి తోడ్పడతాయి.

నిర్మాణం

నాసికా కుహరం: ఇక్కడ గాలి వెచ్చబడి, తేమను పొందుతుంది. వెంట్రుకలు, శ్లేష్మం దుమ్మును పట్టి ఉంచుతాయి.

గ్రసని: గాలికి, ఆహారానికి ఉమ్మడి మార్గం.

స్వరపేటిక: ధ్వని పుట్టే చోటు. మింగేటప్పుడు ఉపజిహ్విక దీని ద్వారాన్ని మూస్తుంది. తింటూ మాట్లాడినా, నవ్వినా మెతుకు దారితప్పి పొలమారుతుంది.

వాయునాళం: పొడవు సుమారు 10 నుండి 12 సెంటీమీటర్లు. వెనుకవైపు తెరచి ఉన్న 16 నుండి 20 మృదులాస్థి ఉంగరాలు దీనిని ముడుచుకుపోకుండా నిలుపుతాయి. దీని శాఖలే శ్వాసనాళాలు, వాటి ఉపశాఖలు శ్వాసనాళికలు.

ఊపిరితిత్తులు: కుడి ఊపిరితిత్తిలో 3, ఎడమ దానిలో 2 తమ్మెలు ఉంటాయి. గుండె ఎడమవైపుకు ఒరిగి ఉండటం వలన ఎడమది కొంత చిన్నది.

వాయుగోణులు: శ్వాసనాళికల చివర ఉండే సూక్ష్మమైన గాలి సంచులు. వీటి సంఖ్య సుమారు 30 నుండి 50 కోట్లు. అన్నింటినీ విప్పి పరచినచో దాదాపు 70 చదరపు మీటర్ల వైశాల్యం ఉంటుంది.

శ్వాసించే విధానం

ఊపిరితిత్తులు తమంత తాము వ్యాకోచించలేవు. ఉదరవితానం సంకోచించి కిందికి దిగినపుడు, పక్కటెముకలు పైకి లేచినపుడు ఛాతీ కుహరం పెద్దదై గాలి లోనికి వస్తుంది. ఆ కండరాలు సడలినపుడు గాలి బయటకు పోతుంది. విశ్రాంతిలో పెద్దలు నిమిషానికి 12 నుండి 18 సార్లు, ప్రతిసారి సుమారు 500 మిల్లీలీటర్ల గాలి పీలుస్తారు. అందులో 150 మిల్లీలీటర్లు నాళాలలోనే నిలిచిపోతుంది. ఈ లయను మెదడులోని మజ్జాముఖం నియంత్రిస్తుంది. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగినపుడు శ్వాస వేగం పెరుగుతుంది. అందువలననే ఊపిరిని ఎక్కువసేపు బిగపట్టలేము.

వాయు మార్పిడి

వాయుగోణిలోని గాలికి, రక్తకేశనాళికలోని రక్తానికి మధ్య ఉన్న పొర మందం సుమారు అర మైక్రాన్ మాత్రమే. పీడనం ఎక్కువ ఉన్న వైపు నుండి తక్కువ ఉన్న వైపుకు వాయువులు ఈ పొర గుండా విసరణ చెందుతాయి.

శ్రీకాకుళం జిల్లా నౌపడ ఉప్పు మళ్ళ వంటి సముద్ర మట్టపు ప్రాంతంలో గాలి పీడనం సుమారు 760 మిల్లీమీటర్ల పాదరసం. గాలిలో ఆక్సిజన్ 21 శాతం కనుక దాని పీడనం దాదాపు 160. వాయుగోణికి చేరేసరికి అది 100 అవుతుంది. అక్కడికి వచ్చే రక్తంలో 40 మాత్రమే ఉండటం వలన ఆక్సిజన్ రక్తంలోకి ప్రవేశించి హీమోగ్లోబిన్‌తో కలుస్తుంది. సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకులో గాలి పీడనం దాదాపు 10 శాతం తక్కువ.

రక్షణ, వ్యాధులు

నాళాలలోని శైలికలు దుమ్ముతో కూడిన శ్లేష్మాన్ని నిరంతరం పైకి నెడుతుంటాయి. పొగాకు పొగ వీటిని దెబ్బతీస్తుంది. విషపు ఆవిరులను ఈ ఏర్పాట్లు పూర్తిగా ఆపలేవు. 2020 మే 7న విశాఖపట్నంలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో ఒక పాలిమర్ కర్మాగారం నుండి వెలువడిన స్టైరీన్ ఆవిరి వలన 12 మంది మరణించారు.

ప్రమాదం రక్తం వైపు నుండి కూడా రావచ్చును. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు బోదకాలు చిరకాలంగా ఉన్న ప్రాంతం. దోమకాటు ద్వారా శరీరంలో చేరిన ఫైలేరియా క్రిముల పిల్లలు కొందరిలో ఊపిరితిత్తుల రక్తకేశనాళికలలో చిక్కుకొని తీవ్ర ప్రతిచర్యను కలిగిస్తాయి. దీనిని ఉష్ణమండల ఈస్నోఫీలియా అంటారు. రాత్రిపూట దగ్గు, ఆయాసం, పిల్లికూతలు దీని లక్షణాలు. ఎక్స్‌రేలో క్షయను పోలి ఉండవచ్చును. మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరం శానిటోరియం వైద్యులు ఫ్రిమోట్-మోలర్, బార్టన్ 1940లో ఇటువంటి రోగులను వర్ణించారు. 1943లో వైన్‌గార్టెన్ ఈ వ్యాధికి పేరు పెట్టాడు.

దీనికి వాడే డైఇథైల్ కార్బమజీన్ మందు 1940 దశకంలో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో రూపొందింది. సకాలంలో చికిత్స చేయనిచో వాయుగోణుల గోడలు క్రమంగా మందమై గట్టిపడి, వాయు మార్పిడి శాశ్వతంగా తగ్గిపోవచ్చును. వాడుకలో ప్రతి ఎలర్జీ దగ్గును ఈస్నోఫీలియా అంటున్నప్పటికీ, రక్తపరీక్షతో, వైద్యుని సలహాతో మాత్రమే దీనిని ఉబ్బసం, క్షయల నుండి వేరుచేసి గుర్తించగలరు.