నత్తి: మెదడు, అభ్యాసం

నత్తి అనేది చెప్పదలచిన మాట తెలిసి ఉన్నా, ధ్వనులను పదేపదే పలకడం, సాగదీయడం, మాట పెగలక ఆగిపోవడం వల్ల వాగ్ధార తెగే వాక్కు సమస్య. సాధారణంగా 2–5 ఏళ్ల మధ్య మొదలవుతుంది. పిల్లల్లో సుమారు 5 శాతం మందికి వచ్చినా, ఎక్కువమందిలో తగ్గి పెద్దల్లో దాదాపు 1 శాతానికే మిగులుతుంది. వీరిలో పురుషులు స్త్రీలకు సుమారు 4 రెట్లు.

1920ల చివర అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో శామ్యూల్ ఆర్టన్, లీ ఎడ్వర్డ్ ట్రావిస్ మెదడు అర్ధగోళాలలో ఒకదానికి స్పష్టమైన ఆధిక్యం లేకపోవడమే నత్తికి కారణమన్నారు. పిల్లల సహజమైన తడబాటును పెద్దలు లోపంగా ఎంచడమే నత్తికి మూలమని అదే విశ్వవిద్యాలయానికి చెందిన వెండెల్ జాన్సన్ తర్వాత వాదించాడు. ఈ వాదాన్ని నేటి పరిశోధన సమర్థించదు.

మెదడు చిత్రీకరణలో ఎడమ అర్ధగోళపు వాక్కు ప్రాంతాలను కలిపే నాడీతంతువులలో తేడాలు, మాట్లాడేటప్పుడు కుడి అర్ధగోళంలో అధిక క్రియాశీలత కనిపించాయి. కదలికలకు సమయం కుదిర్చే బేసల్ గాంగ్లియా పాత్ర కూడా ఉందని భావిస్తారు. 2010లో డెనిస్ డ్రేనా బృందం జీఎన్‌పీటీఏబీ సహా 3 జన్యువులలోని మార్పులకు నత్తితో సంబంధం చూపింది.

అభ్యాస ప్రభావమూ ఉంది. ఒకే పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివితే తడబాట్లు తగ్గుతాయి. పాటలో, బృందపఠనంలో నత్తి దాదాపు కనిపించదు. భయంతో కొన్ని మాటలను తప్పించడం మాత్రం అనుభవంతో అలవడుతుంది. ఆస్ట్రేలియాలో 1980లలో రూపొందిన లిడ్‌కోంబ్ చికిత్సా పద్ధతిలో బిడ్డ తడబడకుండా మాట్లాడినప్పుడు తల్లిదండ్రులు మెచ్చుకుంటారు. నత్తి తెలివితేటల లోపానికి సూచన కాదు.