ఫ్రాన్సు రైళ్ళలో పాసుదారుల సీటు రిజర్వేషను

యూరైల్ లేదా ఇంటర్‌రైల్ పాసు కలిగిన ప్రయాణికులు ఫ్రాన్సు దేశములో కొన్ని రైళ్ళు ఎక్కుటకు ముందు ప్రత్యేక రుసుము చెల్లించి సీటు కేటాయింపు పొందు విధానమునే పాసుదారుల సీటు రిజర్వేషను అందురు. పాసు వలన ప్రయాణించు హక్కు మాత్రమే లభించును, సీటు లభించదు. ఈ భేదము తెలియక, పాసు కొనిన తరువాత కూడా పూర్తి ధరకు టికెట్టు కొనవలసి వచ్చు సందర్భములు కలవు.

పాసులు

యూరైల్ పాసు 1959లోను, ఇంటర్‌రైల్ పాసు 1972లోను ప్రారంభమైనవి. ఐరోపాలో నివసించువారు ఇంటర్‌రైల్, ఇతర దేశముల నివాసులు యూరైల్ వాడవలెను. ఇందుకు ఆధారము నివాసమే గాని పౌరసత్వము కాదు. కావున హైదరాబాదు నుండి వెళ్ళువారికి యూరైల్, జర్మనీలో స్థిరపడిన తెలుగువారికి ఇంటర్‌రైల్ వర్తించును. ఇంటర్‌రైల్ పాసుపై స్వంత నివాస దేశములో ప్రయాణము పరిమితముగా ఉండును.

రిజర్వేషను అవసరమగుటకు కారణము

ఫ్రాన్సు జాతీయ రైల్వే సంస్థ (ఎస్.ఎన్.సి.ఎఫ్.) 1938లో ఏర్పడినది. 1981లో పారిస్-లియోన్ నగరముల మధ్య టీజీవీ అను అతివేగ రైలు ప్రారంభమైన నాటి నుండియు అందులో రిజర్వేషను తప్పనిసరి. 1993లో ప్రవేశపెట్టిన సోక్రాట్ అను కంప్యూటరు వ్యవస్థ, విమాన సంస్థల వలె, రద్దీని బట్టి టికెట్టు ధరలు మార్చు వీలు కల్పించినది. పాసుదారులకు కేటాయించు సీట్లు పరిమితము. అందువలన రైలులో ఖాళీలు ఉన్నప్పటికిని పాసుదారుల కోటా ముగియవచ్చును.

రైళ్ళ రకములు

* టీజీవీ ఇన్‌వుయి: రిజర్వేషను తప్పనిసరి. దేశీయ ప్రయాణములకు రుసుము సాధారణముగా 10 నుండి 20 యూరోలు.
* యూరోస్టార్: రిజర్వేషను తప్పనిసరి. పారిస్-లండన్ మార్గములో రుసుము 30 యూరోలు లేక అంతకు మించి ఉండును. కోటా త్వరగా ముగియును. 2023లో థాలిస్ రైళ్ళు కూడా ఈ పేరు క్రిందకు వచ్చినవి.
* ఇంటర్‌సిటే: పారిస్-క్లెర్మాఁ ఫెరాఁ, పారిస్-లిమోజ్-తులూజ్, బోర్డో-మార్సెయ్ మార్గములలో రిజర్వేషను తప్పనిసరి.
* రాత్రి రైళ్ళు: కూర్చొను సీటుకైనను, పడక బెర్తుకైనను రిజర్వేషను తప్పనిసరి. 2021లో పునరుద్ధరించిన పారిస్-నీస్ రైలు ఈ కోవకు చెందినది.
* టీఈఆర్: ఇవి ప్రాంతీయ రైళ్ళు. సాధారణముగా రిజర్వేషను అక్కరలేదు.
* వుయిగో: 2013లో ప్రారంభమైన చౌక ధరల సేవ. ఇందులో పాసులు చెల్లవు.

రిజర్వేషను పొందు విధానము

ఫ్రాన్సులోని పెద్ద స్టేషన్ల టికెట్టు కౌంటర్లలోను, పాసు సంస్థ యొక్క ఆన్‌లైన్ సేవ ద్వారాను రిజర్వేషను చేయించుకొనవచ్చును. ప్రయాణమునకు కొన్ని నెలల ముందే సీట్ల అమ్మకము మొదలగును. వేసవి సెలవులలోను, శుక్ర, ఆదివారముల సాయంత్రములలోను రద్దీ అధికము. రిజర్వేషను పత్రముపై రైలు సంఖ్య, బోగీ సంఖ్య, సీటు సంఖ్య ఉండును. తనిఖీ సమయములో దీనితో పాటు పాసును కూడా చూపవలెను. టీజీవీ తలుపులు బయలుదేరు సమయమునకు 2 నిమిషముల ముందే మూయబడును.

రాత్రి రైలు అర్ధరాత్రికి ముందు ఎక్కి, మరునాడు వేరే రైలు మారనిచో, పాసులో బయలుదేరిన దినము మాత్రమే లెక్కకు వచ్చును.

రిజర్వేషను లేని మార్గములు

కోటా ముగిసినప్పుడు టీఈఆర్ రైళ్ళు ప్రత్యామ్నాయము. ఉదాహరణకు పారిస్ నుండి లియోన్‌కు టీజీవీలో సుమారు 2 గంటలు పట్టును. బెర్సీ స్టేషను నుండి దిజోన్ మీదుగా పోవు టీఈఆర్‌లో సుమారు 5 గంటలు పట్టును గాని, అదనపు రుసుము లేదు. మార్సెయ్-నీస్ మధ్య కూడా టీఈఆర్ రైళ్ళు కలవు.

భారతీయ రైల్వేలతో పోలిక

భారతదేశములో సీటు లేనిచో వెయిటింగు లిస్టు, ఆర్.ఏ.సి. అను సదుపాయములు కలవు. ఫ్రాన్సులో పాసుదారులకు ఇట్టివి లేవు. కోటా లేనిచో వేరొక సమయపు రైలు గాని, టీఈఆర్ గాని, పూర్తి ధర టికెట్టు గాని ఎంచుకొనవలెను. కావున ప్రయాణ దినములు నిర్ణయమైన వెంటనే, ముందుగా యూరోస్టార్, రాత్రి రైళ్ళ సీట్లను, తరువాత టీజీవీ సీట్లను పొందుట మేలు.

ఇవి కూడా చూడండి

* ఫ్రాన్సు
* టీజీవీ
* భారతీయ రైల్వేలు