రోలింగ్ స్టోన్స్ పాటల్లో బేస్ గిటార్ ఎవరిది?

బ్రిటిష్ రాక్ బృందం రోలింగ్ స్టోన్స్‌లో 1962 నుంచి 1993 వరకు బేస్ గిటార్ బాధ్యత బిల్ వైమన్‌ది. అయినా 1972లో వెలువడిన ‘ఎగ్జైల్ ఆన్ మెయిన్ స్ట్రీట్’ జంట ఆల్బమ్‌లోని 18 పాటల్లో ఎనిమిదింటికే బేస్ వాద్యకారుడిగా ఆయన పేరు ముద్రితమైంది. మిగిలినవి గిటారిస్టులు కీత్ రిచర్డ్స్, మిక్ టేలర్, నిలువు బేస్ వాయించిన బిల్ ప్లమర్‌ల పేరిట ఉన్నాయి. ఈ వివరాలు సరికావని, మరికొన్ని పాటలకూ తానే వాయించానని వైమన్ అనంతరం పేర్కొన్నారు. అభిమానుల మధ్య నేటికీ సాగుతున్న వివాదానికి ఇదే మూలం.

1971లో దక్షిణ ఫ్రాన్స్‌లో రిచర్డ్స్ అద్దెకు తీసుకున్న నెల్‌కోట్ భవనపు నేలమాళిగలో ఈ ఆల్బమ్‌కు సంబంధించిన రికార్డింగ్ చాలావరకు జరిగింది. వేళాపాళా లేని ఆ రాత్రులలో సభ్యులందరూ ఒకేచోట ఉండటం అరుదు. ‘హ్యాపీ’ పాటనే తీసుకుంటే, ఇతరులు రాకముందే రిచర్డ్స్ దానిని మొదలుపెట్టారు. గానం, గిటార్, బేస్ ఆయనవే కాగా, డ్రమ్స్ నిర్మాత జిమ్మీ మిల్లర్ వాయించారు. లాస్ ఏంజెలెస్‌లో మరికొన్ని భాగాలు చేర్చడంతో లెక్క ఇంకా చిక్కుపడింది.

వాయించే శైలిని బట్టి గుర్తించగలమని కొందరి వాదన. రిచర్డ్స్ బేస్‌లో గిటారిస్టు దూకుడు, వైమన్‌లో నిగ్రహం వినిపిస్తాయన్నది నిజమే, కానీ అది సాక్ష్యం కాజాలదు. 1968 నాటి ‘సింపతీ ఫర్ ద డెవిల్’కు మాత్రం దృశ్యాధారం ఉంది. ఫ్రెంచి దర్శకుడు గొదార్ చిత్రం ‘వన్ ప్లస్ వన్’లో బేస్ గిటార్ రిచర్డ్స్ చేతిలో కనిపిస్తుంది.