కన్నీరు – సబ్ర్ : చరిత్ర ఇచ్చే సాక్ష్యం

"సబ్ర్" అనే అరబీ పదాన్ని తెలుగులో మనం ఓర్పు అనీ, సహనం అనీ వ్రాస్తూ వుంటాము. ఆ పదానికి మూలార్థం బిగపట్టి వుంచటం, అదుపులో నిలపటం. అయితే అదుపులో పెట్టవలసింది దేనిని? ఆప్తులను పోగొట్టుకున్న ఇంట్లో ఎవరైనా కన్నీరు పెట్టగానే "ఏడవకండి, సబ్ర్ చేయండి" అనే మాట వినిపిస్తుంది. ఏడుపూ, సబ్రూ ఒకచోట ఇమడవన్న భావం ఆ మాటలో దాగివున్నది. ఈ భావానికి మన చరిత్రలో ఆధారం వున్నదా అన్నది పరిశీలించదగిన విషయం.

మహనీయ ముహమ్మద్ (స) జీవితంలో ఒక సంవత్సరానికి దుఃఖం పేరే వచ్చింది. హజ్రత్ ఖదీజా (రజి), పినతండ్రి అబూ తాలిబ్ కొద్ది కాల వ్యవధిలోనే మరణించిన ఆ సంవత్సరాన్ని (క్రీ.శ. 619) సీరత్ రచయితలు "ఆముల్ హుజ్న్", అనగా దుఃఖ సంవత్సరం అని పేర్కొన్నారు. హిజ్రీ 10వ సంవత్సరంలో ఆయన పసి కుమారుడు ఇబ్రాహీం మదీనాలో కన్నుమూశాడు. బిడ్డను చేతుల్లోకి తీసుకున్న దైవప్రవక్త (స) కళ్ళు చెమర్చాయి. తామూ ఏడుస్తారా అని హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) ఆశ్చర్యపోగా, ఇది కారుణ్యమని ఆయన సెలవిచ్చారు. కన్ను వర్షిస్తుంది, మనస్సు బాధపడుతుంది, నాలుక మాత్రం ప్రభువుకు ఇష్టం లేని మాట పలకదు అన్నది ఆయన బోధ సారాంశం.

ఆ రోజే సూర్యగ్రహణం పట్టింది. ప్రవక్త కుమారుని మరణానికే గ్రహణం వచ్చిందని జనం చెప్పుకోసాగారు. ఒక తండ్రి దుఃఖానికి ఇంతకంటే గొప్ప గౌరవం మరేముంటుంది? కాని ఆయన దానిని అంగీకరించలేదు. సూర్యచంద్రులకు ఎవరి చావు పుట్టుకల వల్లా గ్రహణం పట్టదని స్పష్టం చేశారు. ఆయన తన దుఃఖాన్ని దాచుకోలేదు; దానిని ఆసరాగా చేసుకుని అసత్యం నిలబడనూ లేదు.

డెమాస్కస్ పండితుడు ఇబ్నుల్ ఖయ్యిం (1292–1350) "ఉద్దతుస్సాబిరీన్" అనే గ్రంథంలో సబ్ర్‌ను వివరిస్తూ మూడింటిని అదుపు చేయాలన్నారు: మనస్సును నిరాశ నుండి, నాలుకను దైవంపై ఫిర్యాదు నుండి, చేతులను చెంపలు బాదుకోవటం, బట్టలు చించుకోవటం నుండి. ఈ జాబితాలో కన్ను లేదు.

ఈ అదుపు ఎంత కష్టమైనదో కైరో నగరానికి చెందిన ఇబ్ను హజర్ అస్ఖలానీ (1372–1449) జీవితం తెలుపుతుంది. సహీహ్ బుఖారీకి "ఫత్‌హుల్ బారీ" అనే వ్యాఖ్యానాన్ని ఆయన హిజ్రీ 817లో ప్రారంభించారు. రెండేళ్ళకు, హిజ్రీ 819లో (క్రీ.శ. 1416) ప్లేగు వ్యాధి ఆయన కుమార్తెలు ఫాతిమా, ఆలియాలను తీసుకుపోయింది. హిజ్రీ 833లో (క్రీ.శ. 1430) అదే వ్యాధి గర్భవతిగా వున్న పెద్ద కుమార్తె జైన్ ఖాతూన్‌ను బలిగొన్నది.

ఆ తండ్రి ప్లేగు గురించే "బజ్లుల్ మాఊన్" అనే గ్రంథం వ్రాశారు. అంటువ్యాధి వ్యాపించిన ఊరికి పోరాదనీ, ఆ ఊరి నుండి పారిపోరాదనీ చెప్పే హదీసులను అందులో చర్చించారు. ఆ వ్యాధిలో మరణించిన విశ్వాసికి షహీదు స్థానం లభిస్తుందన్న శుభవార్తను వివరించారు. హిజ్రీ 833లో కైరో ప్రజలు మూడు రోజులు ఉపవాసముండి, ఎడారికి తరలిపోయి సామూహికంగా ప్రార్థించారు. అంతకు ముందు రోజుకు నలభై లోపు వున్న మరణాలు ఆ నెల ముగిసేలోగా వేయి దాటాయని ఆయన నమోదు చేశారు. ఇలా గుమిగూడటానికి పూర్వీకుల ఆచరణలో ఆధారం లేదని కూడా వ్రాశారు. వ్యాధికి కారణమైన క్రిమి సంగతి ఆ కాలంలో ఎవరికీ తెలియదు. అయినా బిడ్డలను పోగొట్టుకున్న చేయి మరణాల లెక్కను ఉన్నదున్నట్టు వ్రాసింది. ఫత్‌హుల్ బారీ హిజ్రీ 842లో పూర్తి అయింది. ఆ ఇరవై అయిదేళ్ళ కృషి మధ్యలో మూడు సమాధులు వున్నాయి.

మన ప్రాంత చరిత్రలోనూ ఇటువంటి ఉదాహరణ వున్నది. 1908 సెప్టెంబరు 28న హైదరాబాదులో మూసీ నది పొంగి, సుమారు 15 వేల మందిని బలిగొన్నదని అంచనా. అఫ్జల్‌గంజ్ వద్ద ఒక చింతచెట్టు కొమ్మలు పట్టుకుని నూట యాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లి, భార్య, కుమార్తె ఆ ప్రవాహంలో కొట్టుకుపోగా ఆయన ఒక్కరే మిగిలారు. ఆ విలయం గురించి ఆయన "ఖయామతె సుగ్రా" అనే కావ్యం వ్రాశారు. ఆ తరువాత అర్ధ శతాబ్దానికి పైగా, 1961 వరకూ జీవించి, దైవచింతన నిండిన రుబాయీలతో ఉర్దూ సాహిత్యంలో శాశ్వత స్థానం సంపాదించారు. ఆయన దుఃఖాన్ని మరువలేదు. దానితో కలిసి బ్రతకటం నేర్చుకున్నారు. నగరం కూడా ఆ చావులను విధివ్రాత అని చెప్పి ఊరుకోలేదు. మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి ప్రణాళిక ననుసరించి ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి.

2020, 2021 సంవత్సరాలలో కరోనా వ్యాధి వల్ల ఎన్నో ఇళ్ళవారు తమ వారి జనాజా నమాజులో కూడా నిలబడలేకపోయారు. కడసారి ముఖం చూడని వారున్నారు. వారిలో కొందరి దుఃఖం ఇప్పటికీ బయటికి రాలేదు. అట్టి వారి ముందు సబ్ర్ పేరు చెప్పి కన్నీటిని ఆపటం ధర్మసేవ కాదు. హజ్రత్ యాఖూబ్ (అలై) దుఃఖంతో చూపు కోల్పోయినట్లు తెలిపే దివ్యఖుర్‌ఆన్ సూరాయే, ఆయన సబ్ర్‌ను సుందరమైనదిగా పేర్కొన్నది. ఆ రెండూ ఒకే హృదయంలో ఇమిడాయి. కనుక దుఃఖితుని ఇంటికి వెళ్ళినప్పుడు మనం అదుపులో పెట్టవలసింది అతని కన్నును కాదు, ముందుగా మన నాలుకను.