రహస్య కీ ఎవరి దగ్గర పుట్టాలి?

ప్రతి మనిషికీ రెండు కీలు ఉండాలి, ఒకటి అందరికీ చెప్పే పబ్లిక్ కీ, రెండోది తనొక్కడే దాచుకునే రహస్య కీ. 1976లో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్‌మన్ లోకం ముందు పెట్టిన ఆలోచన ఇది. మరుసటి ఏడాదే ఎంఐటీలో రివెస్ట్, షమీర్, ఆడెల్‌మన్ దానికి లెక్క కట్టి చూపించారు. బ్రిటన్ నిఘా సంస్థ జీసీహెచ్‌క్యూలో క్లిఫర్డ్ కాక్స్ 1973లోనే అదే లెక్క కట్టాడు కానీ, 1997 దాకా ఆ సంగతి గడప దాటలేదు.

లెక్క కుదిరింది సరే, ఫలానా పబ్లిక్ కీ ఫలానా మనిషిదేనని చెప్పేదెవరు? టెలిఫోన్ డైరెక్టరీలాంటి ఉమ్మడి జాబితా ఉంటే చాలనుకున్నారు మొదట. అలాగైతే ప్రతిసారీ ఆ జాబితానే అడగాలి. 1978లో లోరెన్ కోన్‌ఫెల్డర్ అనే ఎంఐటీ విద్యార్థి తన బ్యాచిలర్ డిగ్రీ థీసిస్‌లో తేలికైన దారి చూపాడు: పేరునూ కీనీ ఒకే పత్రంలో రాసి, నమ్మకస్తుల సంతకం వేయిస్తే ఆ పత్రం ఎక్కడికి వెళ్లినా చెల్లుతుంది. అదే సర్టిఫికెట్. పదేళ్లకు, 1988లో, ఎక్స్.509 ప్రమాణం దానికి స్థిరరూపం ఇచ్చింది. ఇంటర్నెట్ భద్రతలో చాలా భాగం ఒక కుర్రవాడి థీసిస్ మీద నిలబడడం నిజంగా గొప్ప విషయం.

1990లలో నెట్‌స్కేప్ బ్రౌజర్ సర్టిఫికెట్ తీసుకునే పనిని మామూలు మనుషుల దగ్గరికి తెచ్చింది. దరఖాస్తు నింపి బటన్ నొక్కగానే బ్రౌజరే కీల జతను తయారుచేసేది. ఆ రెండు కీలలో పబ్లిక్ కీ మాత్రమే దరఖాస్తుతో వెళ్లేది. రహస్య కీ సొంత కంప్యూటర్ దాటేది కాదు. రహస్య కీతో చేసిన సంతకం కూడా దరఖాస్తుతోపాటే వెళ్లేది కాబట్టి, ఆ కీ అడిగినవాడి దగ్గరే ఉందని సర్టిఫికెట్ ఇచ్చేవారికి తేలిపోయేది, దాన్ని వాళ్లు చూడకుండానే. ఈ ఏర్పాటుకున్న అందమంతా ఇక్కడే ఉంది. తర్వాత క్రోమ్ 2017లో, ఫైర్‌ఫాక్స్ 2019లో ఆ సౌకర్యాన్ని తీసేశాయి.

సొంత యంత్రంలో పుట్టినంత మాత్రాన కీకి బలం రాదు. 2006లో డెబియన్ లినక్స్‌లో కీలు తయారుచేసే ప్రోగ్రాం కోడ్ నుంచి ఎవరో రెండు వరుసలు తీసేయడంతో, ఒక్కో రకం కీకి 32,768 అవకాశాలే మిగిలాయి. ఇది బయటపడింది 2008 మేలో. అప్పటిదాకా అలా పుట్టిన కీలన్నీ మళ్లీ చేసుకోవలసి వచ్చింది.

మన దేశంలో ఐటీ చట్టం 2000 అక్టోబరు 17న అమల్లోకి వచ్చింది. బ్యాంకులకు సర్టిఫికెట్లు ఇచ్చే పనిని హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ అనే సంస్థ చేపట్టింది. కీల జతను తయారుచేసుకోవలసింది సర్టిఫికెట్ తీసుకునేవారేనని ఆ చట్టం 40వ సెక్షన్ చెబుతుంది. అయినా రహస్య కీ ఉండే యూఎస్‌బీ టోకెన్‌నూ దాని పిన్‌నూ ఆడిటర్ దగ్గరే వదిలేసే కీ యజమానులు ఉన్నారు. వాళ్లు 42వ సెక్షన్ చదవడం మంచిది: రహస్య కీ పరుల పాలైందని సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థకు తెలియజేసేదాకా బాధ్యత యజమానిదే.