పట్నంలో ఒక్క శుక్రవారం

మా కరీంనగర్ వైపు "పట్నం పోతున్న" అంటే ఏ పట్నమని ఎవరూ అడగరు. పట్నమంటే హైదరాబాదే. డెబ్బై దాటిన మా చిన్నమ్మ ఆ పట్నం ఇంతవరకూ చూడలేదు. ఎలగందుల కోట నీడలో పుట్టి, కరీంనగర్ బజారు దాటని మనిషి. ఇన్నాళ్లకు బయల్దేరింది. అదీ ఒక్క రోజుకు, అదీ శుక్రవారం! ఆ రోజు ఏం చూపించాలో రాసే పని నా మెడకు చుట్టుకుంది.

పేరున్నవన్నీ ముందు కాగితం మీద పెట్టాను. తర్వాత కొట్టేయడం మొదలుపెట్టాను. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. గోల్కొండ మెట్లకు చిన్నమ్మ మోకాళ్లు ఒప్పుకోవు. అయినా ఎలగందుల మనిషికి ఇంకో కోట దేనికి లెండి! కుతుబ్‌షాహీల ఏలుబడి, మొగలాయీల ఏలుబడి, నిజాముల ఏలుబడి మా కోటా చూసింది. 1905లో కచేరీలు కరీంనగర్‌కు తరలేదాకా జిల్లాకు ముఖ్యపట్టణం ఎలగందులే. చార్మినార్ మాత్రం ఉంచాను. మక్కామసీదులో జుమ్మా నమాజుకు జనం చేరకముందే, కింది నుంచే చూడాలి.

"తర్వాత ఎక్కడికి పోదాం?" అని అడిగితే, "నాకు గవన్నీ వద్దు బిడ్డా. మూసీ సూపెట్టు. గా చింతచెట్టు సూపెట్టు, సాలు" అంది.

చిన్నమ్మ నాయనమ్మకు ఒక అన్న ఉండేవాడట. నౌకరీ వెతుక్కుంటూ పట్నం పోయినవాడు మళ్లీ రాలేదు. ఆ ఏడు మూసీ పొంగింది. 1908 సెప్టెంబరు 28. సుమారు 15 వేలమంది పోయారంటారు. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు కథ ఊళ్లోకి వచ్చినప్పటి నుంచీ, మా అన్న కూడా ఏదో కొమ్మ పట్టుకునే ఉంటాడని ఆ ముసలమ్మ చనిపోయేదాకా అంటూనే ఉండేదట. చెట్టు నేటికీ ఉంది, ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో.

దాంతో నా కాగితం మొత్తం మారిపోయింది. తెల్లవారుజామున నాలుగింటి బస్సు. జూబ్లీ బస్టాండులో దిగి, మెట్రో రైల్లో ఇమ్లీబన్ దాకా. ఆటోలో చార్మినార్. అక్కణ్ణించి వెనక్కి, మూసీ ఒడ్డుకు. చెట్టు దగ్గర ఎంతసేపు కూర్చుంటే అంతసేపు. ఎండ తగ్గాక పురానాపూల్. 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కట్టించిన వంతెన. 1591లో వెలిసిన హైదరాబాదుకంటే పదమూడేళ్లు పెద్ద. కొడుకు మహమ్మద్ కులీ భాగమతి కోసం ఏటిలో గుర్రం దూకించాడనీ, అందుకే తండ్రి కట్టించాడనీ కథ చెబుతారు. వంతెన పూర్తయ్యేనాటికి పిల్లవాడికి పదమూడేళ్లు! ప్రేమ సంగతెలా ఉన్నా రాయి మాత్రం గట్టిది. 1908 వరద మిగతా వంతెనలను చిందరవందర చేసింది గాని, దీన్ని పడగొట్టలేకపోయింది. అలాంటి వరద మళ్లీ రాకూడదనే విశ్వేశ్వరయ్యగారిని పిలిపించడం, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తికావడం. ఆ చెరువులు చూడటానికి మాకు పొద్దు చాలదు.

ఇదంతా చిన్నమ్మకు చదివి వినిపించాను. చార్మినార్ దగ్గర ఊఁ కొట్టింది. వంతెన దగ్గర ఊఁ కొట్టింది. చెట్టు దగ్గరికి వచ్చేసరికి లేచి లోపలికి పోయి, పసుపు కుంకుమ పొట్లం కట్టి సంచిలో పెట్టుకుంది.